ఎడమ కాలి పట్టీ

తొట్టి నమోదు 612

మూడో తొట్టి: నాచు ఒత్తుగా పెరిగింది. నీళ్ళ వాసన మామూలే. గాలి బాగుంది. పైడి ఇంకా బాగుంది.

ఆ చివరి మాట తొట్టి నమోదులో రాయకూడదు. అయినా రాస్తాను. వంశధార స్టేషన్‌లో నాచుతో గాలి పుట్టించే తొట్లు కడిగేవాళ్ళందరం పని దిగే ముందు ఇలా నాలుగు ముక్కలు రాసి పెట్టాలన్నది నియమం. చదవాలన్న నియమం మాత్రం ఎవరికీ పెట్టలేదు. ఒకసారి తొట్టిలో నాచు బదులు గోంగూర మొలిచిందని రాశాను. ఎవరూ కిక్కురుమనలేదు. కాబట్టి నా కడుపుమంటంతా ఇక ఇక్కడే పోసుకుంటాను. ఇంట్లో పోసుకుంటే ఇల్లంటుకుంటుంది.

ఇవాళ మంచు పడవకి పేర్లు చదివారు. మా ఇంటి నుంచి ఒక పేరు వచ్చింది. నా తోడికోడలు పైడితల్లిది. ఆ పడవలో చోటు కోసం నేను పెళ్ళి కాకముందు నుంచీ అర్జీలు పెడుతున్నాను. గ్రహం చుట్టూ ఉన్న మంచు వలయం దాకా వెళ్ళి మంచు తెచ్చినవాళ్ళకి కిటికీ ఉన్న ఇల్లు ఇస్తారు. మా ఇంటికి కిటికీ లేదు. మా అత్త అప్పయ్యమ్మ గోడకి ఒక చీర ముక్క తెరలా వేలాడదీసింది, దాని వెనక కిటికీ ఉన్నట్టు. రోజూ పొద్దున్నే దాన్ని పక్కకి జరుపుతుంది కూడా. జరిపితే గోడ కనిపిస్తుంది.

పేరు వినగానే అత్త దాచుకున్న బెల్లం తీసింది. పైడి ఆమెకి చిన్నకోడలే కాదు, సొంత తమ్ముడి కూతురు. మొదటి ముక్క పైడి నోట్లో పెట్టి, "మా రగతమే! ఎక్కడికి పోద్ది?" అంది. రెండో ముక్క నా మొగుడు త్రినాథ్‌కి పెట్టింది. మూడోది నా కూతురు జాజికి. నేను ఇంటికి పెద్దకోడల్ని. నా అరచేతిలో బెల్లం కాగితం దులిపింది. ఆ పొడి తియ్యగానే ఉంది. అందుకే ఇంకా మండింది.

"ఇది నీకు రావాల్సిందక్కా," అంది పైడి నా పక్కకొచ్చి, నిజంగానే నొచ్చుకుంటూ. ఆ పిల్లలో నాకు గిట్టనిది అదే. కాస్త పొగరుగా ఉంటే నేను సుఖంగా తిట్టుకుందును.

తొట్టి నమోదు 615

మూడో తొట్టి: పైన నురగ కట్టింది, తీసేశాను. గాలి బాగుంది.

నాకు చోటు ఎందుకు రాలేదంటే, నా చుక్క మంచిది కాదు.

ఇక్కడ పెళ్ళి సంబంధమైనా, పడవలో చోటైనా ముందు చుక్క పెడతారు. వేలి కొసన సూదితో గుచ్చి, తెల్లగుడ్డ మీద అద్దుతూ పోతారు. మరక పడటం ఎంత తొందరగా ఆగితే అంత చిక్కటి రక్తం, అంత గొప్ప ఇల్లు. స్టేషన్ గోడ పగిలిన ఏడు మా అత్త వాళ్ళ తాత చెయ్యి మంచు పెళ్ళ తగిలి తెగినా, పగులుకి వీపు ఆనించి అలాగే నిలబడ్డాడట. పక్కవాళ్ళు రక్తం కారి పోయారు. ఈయనకి ఇట్టే ఆగిందట. అప్పటి నుంచి ఆ వంశానికి చుక్కే బిరుదు. పైడి గుడ్డ మీద మూడంటే మూడు మరకలు పడ్డాయి. నా పెళ్ళిచూపుల్లో నా మరకలు గుడ్డ నింపి పళ్ళెం మీదికి దిగాయి. త్రినాథ్ మొండికేశాడు కాబట్టి ఈ ఇంట్లో అడుగు పెట్టాను. అత్త నన్ను నూకరత్నం అని పిలిచింది తక్కువ. "పల్చ రగతం" అంటుంది, అదేదో ముద్దుపేరు అయినట్టు.

యంత్రంలో పెట్టి రక్తం చదివించే పద్ధతి ఆసుపత్రిలో ఉంది. మా స్టేషన్‌లో ఆ మాట పైకి అనకూడదు. తొలి తరం భూమి మీద ఓడ ఎక్కేటప్పుడు అందరి రక్తం చదివి, పనికొస్తారన్నవాళ్ళని ఎక్కించి, తక్కినవాళ్ళని రేవులో వదిలేశారు. ఆ వదిలేసినవాళ్ళలో అమ్మలున్నారు, అన్నలున్నారు. ఇక మీదట మనలో ఎవరి రక్తమూ ఎవరూ చదవకూడదని ఎక్కినవాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. అలా చుక్క ఒక్కటే మిగిలింది.

ఆ చుక్కతో పాటు వచ్చేవి వెండి పట్టీలు. అత్తకి వాళ్ళమ్మ ఇచ్చినవి. లెక్కప్రకారం పెద్దకోడలికి రావాలి. పైడి పెళ్ళినాడు అత్త వాటిని పైడి కాళ్ళకి పెట్టింది. అప్పటి నుంచి ఇంట్లో ఎటు తిరిగినా ఆ గలగలే. పైడి ఏ గదిలో ఉందో, కూర్చుందో నిలబడిందో నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. కొక్కెం మూడో రింగులో పెట్టుకుంటుందనీ తెలుసు. నాకు రెండో రింగు సరిపోతుంది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు పెట్టి చూసుకున్నాను.

త్వరలో జాజికి ఐదో ఏడు నిండుతుంది. ఆ పిల్లకి మొదటి చుక్క పెడతారు. ఆ చుక్క తొందరగా ఆగితే చాలు. అత్త నా కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కసారి, ఒకే ఒక్కసారి "మా రగతం" అంటే చాలు. అప్పుడు నాకు ఏ పట్టీలూ అక్కర్లేదు. అబద్ధం. పట్టీలు కూడా కావాలి.

తొట్టి నమోదు 621

మూడో తొట్టి: బాగుంది. నా నడుము బాగోలేదు.

మంచు పడవలో లేచి నిలబడే చోటుండదు. పోవడం, రావడం అంతా ఇరుకు పడకలో పడుకునే. అందుకని వెళ్ళేవాళ్ళు ముందే ఇంట్లో పడుకుని సాధన చెయ్యాలి. పడక తెచ్చి మా నట్టింట్లో వేశారు. పైడి అందులో పడుకుంది. మేమంతా దాని చుట్టూ తిరుగుతున్నాం, ఉత్సవ విగ్రహం చుట్టూ తిరిగినట్టు.

తిండి నేనే తినిపించాలి. దుప్పటి నేనే సర్దాలి. పైడి మొగుడు దాలినాయుడు గనిలో పనికి వెళ్ళి ఇంకా నెల కాలేదు, ఇప్పట్లో రాడు. అత్త పక్కన కూర్చుని సలహాలు చెబుతుంది.

"నీళ్ళు తక్కువ తాగే. మాటిమాటికీ లేవక్కర్లేదు."

"దాహమేస్తంది కదత్తా," అంది పైడి.

"మీ నాన్న ఇలగే ఉండీవోడు. కదలమంటే కదిలీవోడు కాడు. పడవలో ఆడంత బుద్ధిగా పడుకున్నోడు లేడు."

పైడి నాన్న ఆ పడవలోనే పోయాడు. తిరిగొస్తుండగా ఉన్నట్టుండి రొమ్ము పట్టుకుని కన్ను మూశాడు. "గాలి తప్పింది" అన్నారు. ఇక్కడ ఎవరు ఉన్నపళంగా పోయినా అదే మాట. గాలి తప్పిందంటే తప్పు తొట్టి వాళ్ళదని అర్థం. ఆ పడవకి గాలి నింపిన మా పెద్దమేస్త్రీని పనిలోంచి తీసేశారు. మాకందరికీ ఈ రాత పని అంటగట్టింది కూడా అప్పుడే. కాబట్టి నేను కూర్చుని ఈ నమోదు రాయడానికి కూడా మూలం పైడి ఇల్లే. ఆ ఇంటి ఘనత నన్ను తొట్టి దాకా వెంటాడుతోంది.

తొట్టి నమోదు 626

మూడో తొట్టి: బాగుంది. పైడి ఎడమ కాలి పట్టీ: చివరి రింగు.

దుప్పటి మారుస్తూ చూశాను. కుడి కాలి కొక్కెం ఎప్పటిలా మూడో రింగులోనే ఉంది. ఎడమ కాలిది చివరి రింగులో ఉంది, అయినా చర్మంలోకి ఒత్తుకుపోతోంది. ఇంకెవరైనా అయితే గమనించి ఉండరు. ఆ పట్టీల కేసి ఈ ఇంట్లో నా అంత తీరిగ్గా చూసేవాళ్ళు లేరు.

"ఏటే పైడీ, కాలు వాచిందేటి?"

"పిక్క లాగేస్తందక్కా, రెండ్రోజుల నుంచి. పడుకుని పడుకుని పట్టేసినట్టుంది. అత్తకి చెప్పకు, సాధన మళ్ళీ మొదట్నుంచి చేయిస్తారు."

అత్తకి చెప్పక్కర్లేకపోయింది, పక్కనే ఉంది. "ఓలె పల్చ రగతం, ఈ గుంట కాలికి కాస్త నూనె రాసి పిసుకు. గట్టిగా పిసుకు, పట్టేసింది ఒదులుద్ది," అంది.

నేను పెద్దకోడల్ని. చిన్నకోడలి కాళ్ళు పిసకమంది. అదీ ఆ పట్టీల కింద చెయ్యి పెట్టి. నూనె రాశాను. పిక్క రాయిలా ఉంది, వేడిగా కాలుతోంది. నేను గట్టిగానే పిసికాను. అత్త చెప్పిన దానికన్నా గట్టిగా. పైడి పళ్ళు బిగబట్టి, "అమ్మా" అంది తప్ప ఆపమనలేదు. ఆపమంటే ఆపేద్దును.

చెయ్యి కడుక్కుంటుంటే ఒక అనుమానం తగిలింది. కాలు వాపు. మొహం పాలిపోవడం. నిన్నటి నుంచి మెతుకు సహించడం లేదు. దాలి వెళ్ళి నెల కాలేదు. పైడి నీళ్ళోసుకుంది!

ఇంకేం, అదొక్కటే తక్కువ. రెండు వైపులా మా రగతం, మా రగతం అని ఊగే ఊయల. ఇక జాజి ఈ ఇంట్లో నాచు ముక్కతో సమానం.

ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి, నా మొహం నాకే తెలిసేలా విప్పారింది. కడుపుతో ఉన్నవాళ్ళని పడవ ఎక్కించరు.

తొట్టి నమోదు 627

మూడో తొట్టి: చూడలేదు.

పొద్దున్న పైడి పక్కకి తిరగడానికే ఆయాసపడింది. ఊపిరి గట్టిగా పీలిస్తే పక్కలో పొడుస్తోందంది. దగ్గింది. నేను పనికని బయల్దేరి, తొట్టి దగ్గరికి వెళ్ళకుండా ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాస్తాను. చాడీ చెప్పడానికి వెళ్ళాను. పైడిని పడవ దింపించడానికి వెళ్ళాను.

డాక్టర్ ఫరీదా వేరే స్టేషన్ నుంచి ఈ మధ్యనే వచ్చింది. ఏదో రాసుకుంటోంది.

"డాక్టరమ్మా, మా తోడికోడలు నీళ్ళోసుకున్నట్టుంది. పాపం, చెప్పుకోలేకపోతంది. మీరొకసారి చూసి, పడవ వాళ్ళకి ఒక మాట చెప్తే మంచిది," అన్నాను, ఎక్కడలేని ఆప్యాయత గొంతులోకి తెచ్చుకుని.

"మీకెలా తెలిసింది?" తలెత్తలేదు.

"కాలు వాచింది. మనిషి రొప్పుతంది."

"రెండు కాళ్ళూ వాచాయా?"

"లేదు. ఎడమ కాలొక్కటే."

అప్పుడు తలెత్తింది. "పిక్క వేడిగా ఉందా?"

"కాలిపోతంది. మీకెలాగ తెలుసు?"

"ఎవరైనా రుద్దారా?"

"నేనే. నిన్న. మా అత్త పిసకమంది."

"గట్టిగానా?"

అబద్ధాలాడటంలో నాకు మొహమాటం లేదు. కానీ ఆమె మొహం చూస్తే నోరు రాలేదు. "గట్టిగానే," అన్నాను.

ఆమె సంచీ తీసుకుని పరిగెత్తింది. స్ట్రెచర్ తెమ్మని ఎవరికో అరుస్తూనే పరిగెత్తింది. నేను వెనకాల పరిగెత్తాను. ఆ నడవా అంత పొడుగని నాకెప్పుడూ తెలియలేదు.

మేం వెళ్ళేసరికి పైడి పడకలో సగం లేచి కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు పెద్దవి చేసుకుని గాలి కోసం వెతుకుతోంది. చుట్టూ ఉన్నదంతా గాలే, నేను కడిగిన తొట్లలోంచి వచ్చిన మంచి గాలి. అది ఆమెకి అందడం లేదు. అత్త గుప్పెట్లో ఉప్పు పట్టుకుని దిష్టి తీస్తోంది. నన్ను చూడగానే చెయ్యి గాల్లోనే ఆపేసింది.

"వచ్చినాదమ్మా దిష్టి! నీ కళ్ళే, నీ పాడు కళ్ళే దీన్ని తినీసినాయి. రోజూ ఆ కాళ్ళేసి చూడ్డం నాను చూడలేదనుకున్నావేటి?"

నిన్న నా బొటనవేళ్ళ కింద ఆ పిక్క ఎలా ఉందో నా చేతులకింకా గుర్తుంది. కళ్ళదాకా ఎందుకు, చేతులు చాలు అనుకున్నాను.

డాక్టర్ కత్తెరతో ఎడమ కాలి పట్టీ కత్తిరించేసింది. వెండి తెగిన చప్పుడుకి అత్త గుండెలు బాదుకుంది. పైడిని ఎత్తుకుపోయారు. కుడి కాలి పట్టీ ఒక్కటే గలగలమంటూ నడవా చివరిదాకా వెళ్ళి, తలుపు అవతల ఆగిపోయింది.

ఆ చప్పుడు ఆగిపోవాలని నేను ఎన్నిసార్లు కోరుకున్నానో ఇక్కడ రాయను.

తొట్టి నమోదు 629

మూడో తొట్టి: బాగుంది. నేనెలా ఉన్నా అది బాగానే ఉంటుంది.

పైడి బతికి ఉంది. రెండు ఊపిరితిత్తుల్లోనూ రక్తపు గడ్డలున్నాయట. కాలి నరంలో కట్టిన గడ్డ ముక్కలై పైకి వెళ్ళి, ఊపిరితిత్తుల్లోకి పోయే దారులకి అడ్డం పడిందట. గడ్డ పెరగకుండా మందు ఎక్కిస్తున్నారు. ఇంకా గండం గడవలేదన్నారు. కడుపు లేదు, ఏమీ లేదు.

నిన్న త్రినాథ్, అత్త, నేను డాక్టర్ ముందు కూర్చున్నాం.

"దెబ్బ తగల్లేదు, ఆపరేషన్ కాలేదు. ఈ వయసులో కొన్నాళ్ళు పడుకున్నంత మాత్రాన ఇంత గడ్డ కట్టకూడదు," అంది డాక్టర్. "మీ వైపు ఇలా హఠాత్తుగా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నా తమ్ముడు, దీని నాన్న," అంది అత్త. "పడవలో. గాలి తప్పింది."

"ఇంకా?"

"నా చెల్లి. పురుడైన వారానికి నడుస్తా నడుస్తా కూలిపోనాది. అదీ గాలి తప్పే."

"మా పెదతాత కూడా అలగే," అన్నాడు త్రినాథ్ మెల్లిగా. "కాలు విరిగి కట్టు కట్టించుకుని పడుకున్నోడు లేవలేదు."

అత్త అతని వంక చూసింది. వరసగా చెప్పుకుంటే ఆ చావులు ఎలా ఉంటాయో ఆమె కూడా అప్పుడే విన్నట్టుంది.

"గాలి బాగానే ఉండి ఉంటుంది," అంది డాక్టర్. "దెబ్బ తగిలితే రక్తాన్ని గడ్డకట్టమని చెప్పేవి ఒంట్లో కొన్ని ఉంటాయి. ఇక చాలు, ఆపమని చెప్పేవి కొన్ని ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో ఆ 'ఇక చాలు' సరిగ్గా వినబడదు. అమ్మానాన్నల నుంచి పిల్లలకి వస్తుంది. చాలామందికి జీవితమంతా ఏమీ కాదు. ఎక్కువకాలం కదలకుండా పడుకున్నప్పుడో, కాన్పప్పుడో, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడో బయటపడుతుంది. మీ ఇంట్లో అదే ఉందా లేదా తెలియాలంటే రక్తం చదవాలి."

"సదవనివ్వను," అంది అత్త. "మా పెద్దమ్మని రేవులో వదిలీసింది ఆ సదువే. అది సేతులూపతా నిలబడిపోనాది. మా అమ్మ సచ్చీదాకా ఆ సేతులే సెప్పుకుంది. నా గుమ్మంలో ఆ పని జరగదు."

నాకు జాలి వేసింది, కానీ ఎక్కువసేపు కాదు. నా బుర్రలో అప్పటికే ఇంకో మంట రాజుకుంటోంది. వీళ్ళ చిక్కటి రక్తం కుళ్ళు రక్తమన్నమాట! నా పల్చటి రక్తం మేలన్నమాట! యంత్రం ఆ మాట చెబితే, దాన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ఆ చీర ముక్క పక్కన గోడకి అంటించాలి.

"నాది చదవండి," అన్నాను. "నా కూతురిది కూడా."

"ఒట్టు తప్పుతావేటే?" అత్త లేచి నిలబడింది.

"ఒట్టు మీ వాళ్ళు పెట్టుకున్నారత్తా. మీ రగతం కాదని నన్ను రోజూ పక్కన పెడతారు కదా. మీ రగతం కానప్పుడు మీ ఒట్టు నాకేటి?"

త్రినాథ్ నేల చూస్తూ, "నాదీ చదవండి డాక్టర్," అన్నాడు. తలుపు అవతల పడుకున్న పైడిని అడిగితే, ముక్కుకి గొట్టంతోనే తలూపిందట. ఇవాళ నేను వెళ్ళేసరికి అత్త తనే రవిక చెయ్యి పైకి మడుచుకుని నర్సు ముందు కూర్చుని ఉంది, మొహం గోడవైపు తిప్పుకుని.

తొట్టి నమోదు 633

మూడో తొట్టి: నీళ్ళు మార్చాను. గాలి బాగుంది.

పైడి గండం గడిచిందన్నారు. మొహానికి రంగొచ్చింది. ఇవాళ గొట్టం తీసేశారు. ఊరంతా వచ్చి చూసి పోతున్నారు. అందరూ నా భుజం తట్టి, "నువ్వు పరిగెత్తి చెప్పబట్టి బతికింది," అంటున్నారు. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు నుంచి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది. జనం పోయాక తలుపు వేసి పైడి పక్కన కూర్చున్నాను.

"నేను నిన్ను కాపాడ్డానికి వెళ్ళలేదే," అన్నాను. "కడుపనుకుని, పడవ దింపించీద్దామని వెళ్ళాను."

"తెలుసక్కా. డాక్టరమ్మ నన్నడిగింది, కడుపని మీ అక్కకెవరు చెప్పారని."

"కాలు కూడా కావాలనే గట్టిగా పిసికాను. కుళ్ళుతో పిసికాను. అలా పిసకడం వల్లే ముక్కలై పైకి పోయిందేమోనని డాక్టర్నడిగాను. అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేనంది."

పైడి కోప్పడితే బాగుణ్ణనిపించింది. అంతలో నిజంగానే కోప్పడింది.

"నొప్పెట్టి చచ్చిపోయానక్కా ఆ రోజు. నీకు తెలుస్తంది కూడా, తెలిసీ ఆపలేదు. అది నేను మర్చిపోను." ఊపిరి కూడగట్టుకోవడానికి ఆగింది. "కానీ ఒకటి చెప్పు. అత్త నా చుక్క చూసింది. పడవోళ్ళు నా చుక్క చూశారు. ఆయనైతే నా మొహమే చూస్తాడు. నా కాలెలాగుందో ఈ స్టేషన్‌లో చూసిందెవరు? నువ్వొక్కదానివే కదా."

"నీ కాలు కాదే, పట్టీ."

"ఏదైతేనేటి. చూశావు," అని కళ్ళు మూసుకుంది.

నాకు ఏడుపొచ్చింది. అంత మంచిమాట కూడా దానికే తడుతుంది, నాకు తట్టదు. అందుకు కూడా కాస్త ఏడ్చాను.

తొట్టి నమోదు 638

మూడో తొట్టి: బాగుంది.

ఇవాళ జాజి పుట్టినరోజు. అత్త పొద్దున్నే తెల్లగుడ్డ, సూది, పళ్ళెం బయట పెట్టింది. ఎవరూ వద్దనలేదు, కానివ్వమనీ అనలేదు. సూది ముట్టుకోకముందే డాక్టర్ ఫరీదా రక్తం చదివిన ఫలితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

పైడికి ఆ లోపం రెండు వైపుల నుంచీ వచ్చింది, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. వాళ్ళిద్దరూ బావామరదళ్ళే. జీవితాంతం మందు వేసుకోవాలి. పడవ ఎక్కకూడదు. అత్తకి ఒక వైపు నుంచే ఉంది, మందు అక్కర్లేదు, జాగ్రత్తలు చాలు. దాలికి తిరిగొచ్చాక చూస్తారు. త్రినాథ్‌కి అసలు లేనే లేదు.

నేను గోడకేసి చూశాను. అంటించడానికి చోటు చూసి పెట్టుకున్నాను.

"నూకరత్నం గారూ, మీకు ఉంది," అంది డాక్టర్. "ఒక వైపు నుంచి. మీ అత్తగారికి ఉన్నట్టే."

"నాకా? నా చుక్క ఆగదు కదా డాక్టరమ్మా. పళ్ళెం నిండిపోద్ది."

"వేలి మీద గాయం ఎంత త్వరగా మూసుకుంటుందో తప్ప ఆ చుక్క ఇంకేమీ చెప్పదు. లోపలి సంగతి దానికి తెలియదు. అదే గొప్పనుకుని ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళు చేసుకున్నారు, మనుషుల్ని పడవ ఎక్కించారు. ఇది ఈ స్టేషన్‌లో ఇంకా చాలా ఇళ్ళలో ఉండి ఉంటుంది." ఆమె జాజి వంక చూసింది. "పాపకి కూడా ఉంది. ఒక వైపు నుంచే. భయపడాల్సింది లేదు. పెద్దయ్యాక చెప్పండి, కాన్పులప్పుడు, ఆపరేషన్లప్పుడు ముందే డాక్టర్‌కి చెప్పుకోవాలి. మీరందరూ నీళ్ళు బాగా తాగాలి, నడవాలి, అంతే."

డాక్టర్ వెళ్ళిపోయింది. అత్త జాజిని లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. చేతికందిన తెల్లగుడ్డ తీసి, ఆ చుక్క గుడ్డతోనే, పిల్ల ముక్కు తుడిచింది. తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.

"మా పాడు రగతం నీకూ వచ్చీసింది గుంటా," అని ఏడ్చింది. "మా రగతమే. మా రగతమే."

ఐదేళ్ళు నేను ఎదురు చూసిన మాట అది. నా కూతురు అత్త ఒళ్ళో ఉంది. మా రగతం అంటోంది. నోరు మూసుకుని కూర్చుంటే ఆ మాట మాకు మిగిలిపోయేది. కానీ నేను నోరు మూసుకునే మనిషిని కాదు.

"మీది కాదత్తా," అన్నాను. "మీ అబ్బాయికి లేదని ఇప్పుడే కదా చెప్పింది. మీ నుంచి దానికేటీ రాలేదు. అది నాది. నా నుంచే వచ్చింది."

అత్త ఏడుపు ఆపి నా వంక చూసింది. "దీనికీ వంతుకొస్తన్నావేటే?"

"వంతు కాదు. మొత్తం నాదే."

పడక తీసేసిన చోట చాప మీద కూర్చున్న పైడి పకపకా నవ్వి, ఆయాసమొచ్చి పక్క పట్టుకుంది. ఆమె నవ్వు చూసి త్రినాథ్ నవ్వాడు. అత్త పెదాలు బిగబట్టుకుంది కానీ ఆగలేదు. నా పెళ్ళయ్యాక నా మాటకి ఆమె నవ్వడం అదే మొదలు.

తర్వాత ఆమె పెట్టె తెరిచి, తెగిన ఎడమ కాలి పట్టీ తీసింది. త్రినాథ్ తెగిన చోట తీగతో కట్టి పెట్టాడట. నా ముందు పడేసింది.

"తెగినది నాకా?" అన్నాను.

"బాగున్నది దాని కాలికుంది. ఇద్దర్నీ నడవమన్నాది కదా డాక్టరు. పెట్టుకుని నడు, నూకరత్నం."

రెండో రింగే సరిపోయింది.

తొట్టి నమోదు 652

మూడో తొట్టి: గాలి బాగుంది. ఎవరైనా ఉన్నపళంగా పోతే గాలి తప్పిందని రాయకూడదని, ముందు ఆసుపత్రిలో చూడాలని కొత్త నియమం వచ్చింది. తీసేసిన పెద్దమేస్త్రీని కబురు పెట్టి పిలిపించారు. కావాలన్నవాళ్ళకి రక్తం చదువుతున్నారు. ఆసుపత్రి ముందు వరస చాలా పొడుగ్గా ఉంది. అత్త అక్కడ నిలబడి, మొదట చదివించింది మా ఇల్లేనని అందరికీ చెబుతోంది. మొదట చదవమన్నది నేను. ఆ ముక్క ఆమె చెప్పడం లేదు.

సాయంత్రం పని దిగాక నేనూ పైడీ నడవా చుట్టూ నడుస్తాం. ఆమె కుడి కాలికి ఒక పట్టీ, నా ఎడమ కాలికి ఒక పట్టీ. వినేవాళ్ళకి ఒక్క మనిషే నడుస్తున్నట్టుంటుంది. జాజి మా మధ్య నడుస్తూ పైడి చెయ్యి పట్టుకుంటుంది. నా చెయ్యి ఖాళీగానే ఉంటుంది, అయినా పట్టుకోదు. మండుతుంది. ఎందుకు మండదు?

పైడికి ఇంకా ఆయాసం పూర్తిగా పోలేదు. మలుపు దగ్గర వెనకబడుతుంది. ఆ గలగల తగ్గిందంటే నాకు ముందుకు అడుగు పడదు. వెనక్కి తిరిగి, ముందు కాళ్ళు చూస్తాను. రెండు చీలమండలూ ఒకేలా ఉన్నాయని తేల్చుకున్నాకే మొహం చూస్తాను.